జేబు

అరండల్‌పేట ఆఫీసు కుర్రాడు
కొలతల కాగితం మిషను మీద పెట్టాడు.
ఆరు గౌన్లు. ఒకటే కొలత.
"పిల్లలేరి బాబూ, టేపు పెట్టి చూడొద్దా?"
"గౌను పట్టినోళ్లనే తీసుకుంటాం మస్తాన్‌బీ,
నువ్వు కుట్టు."

ముప్పై ఏళ్లుగా నా కత్తెర
ఒంటిని బట్టి గుడ్డని కోసింది.
గుడ్డని బట్టి ఒంటిని కోయడం
లాలాపేటలో నాకెవరూ నేర్పలా.

ఎర్ర శాటిను. వీపున కంపెనీ పేరు.
పురుగుమందు డబ్బా బొమ్మ రొమ్ము మీద,
సరిగ్గా అక్కడే ఉండాలంట.
అంచు మోకాలికి జానెడు పైన.
అడుగున నీలం పెన్నుతో రెండు గీతలు కొట్టి:
జేబులు వద్దు, షేపు పోద్ది.

రైతుమేళాకి నేనూ పోయా,
చెప్పొద్దూ, నా కుట్టు చూసుకుందామనే.
గోరంట్ల దారిలో షామియానాలు,
మైకులో మిర్చి విత్తనాలు,
కొత్త ట్రాక్టరుకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు.
ట్రాక్టరుకి పందిరేశారు.
పిల్లలు ఎండలో ఉన్నారు.

పెద్దాయనొకడు బానెట్టు నిమిరాడు,
టైరు తట్టాడు,
అదే చెయ్యి అదే తీరున
పక్కనున్న పిల్ల భుజమ్మీదికి పోయింది.
ఫోటో.
"బండి కొంటే ఇదీ వస్తదా?"
పదిమంది నవ్వారు.
మైకువాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.
ఆ పిల్లా నవ్వింది.
నవ్వు కొలత నా కాగితంలో లేదు,
వేరే కాగితం ఉండి ఉంటది.

నేనేమన్నానంటారా?
ఏమీ అనలా.
నాకింకా కుట్టుకూలి ఆరొందలు రావాలి.

పొద్దుగూకాక కొట్టుకొచ్చింది ఆ పిల్లే.
పేరు సువార్త, నల్లపాడు,
డిగ్రీ రెండో ఏడు, లెక్కలంట.
"చంక కింద పిగిలింది ఆంటీ."
పిగిలిన కుట్టు వేరు, లాగిన కుట్టు వేరు.
దారం చెప్తది.
నేనడగలా. ఆమె చెప్పలా.
ఫ్యాను ఆమె వైపు తిప్పా.

బస్సు డబ్బులు బూటులోంచి తీసింది,
చెమటకి నానిన ఇరవై కాగితం.
ఫోను పొద్దుటి నుంచీ
మంచినీళ్ల డబ్బా వెనకాల దాచిందంట.
అమ్మ పదకొండుసార్లు చేసింది.

పక్క కుట్టు విప్పా.
లోపలివైపు, అరచేతి మందాన,
అదే ఎర్రగుడ్డ మడిచి పెట్టి
సన్నగా బిగించా.
షేపు ఎక్కడికీ పోలా.

"ఏం పెట్టుకుంటావే ఇందులో?"
"ఏమో ఆంటీ, ముందైతే చెయ్యి."
మణికట్టు దాకా దోపి
అట్టానే నిలబడింది, చాలాసేపు,
రోజంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలీని చేతిని.

మర్నాడు కుర్రాడి ఫోను:
తెనాల్లో మేళా, ఇంకో పన్నెండు, అదే కొలత.
"అట్టాగే. గుడ్డ రెండు మీటర్లు ఎక్కువ పంపు."
"ఎందుకంట?"
"కుట్లలోకి పోద్దిలే బాబూ."