హీలింగ్ బ్రష్

హన్మకొండ చౌరస్తల, రెండో అంతస్తుల
మా కలర్ ల్యాబు.
నా పని ముఖాలు కడుగుడు.
నీళ్లతోని కాదు, మౌసుతోని.
పెండ్లిపిల్ల గదుమ మీది మొటిమను
నాలుగింతలు పెద్దగ చేసి
పక్కనున్న నున్నటి తోలు ఇంత తెచ్చి
దాని మీద కప్పుత.
ఒక్క క్లిక్కు.
ఏ మందు అంత జల్ది పనిచెయ్యదు.

కరెంటు పోయి స్క్రీను నల్లగైనప్పుడు
అండ్ల నేను అవుపడుత.

ముప్పై ఒకటి నడుస్తాంది నాకు.
దవడ కింద మూడు, చెవి పక్కన ఒకటి,
వీపుల ఎన్నో లెక్కపెట్టలే.
గిల్లితె పోయే మొటిమలు కావివి,
తోలు కింద గోలీల తీరు గట్టిగ,
మూతి లేదు, పగలది, ఎండది.
అద్దానికంటె ముందు వేలికి తెలుస్తది.
ఎడమ దిక్కు ఒరిగితె
రాత్రంత దవడల ఎవరో తలుపు కొట్టినట్టు.

పదారేండ్లప్పుడు, వయసు దాటితె పోతయన్నరు.
పెండ్లయితె పోతయన్నరు.
పిల్ల పుడితె పోతయన్నరు.
పిల్ల రెండో తరగతి.
అవి ఒక అర్ర ఖాళీ చేసి
ఇంకో అర్రల దిగుతయి, కిరాయి లేకుండ.

ఉడుకు చేసిందన్నది అత్త.
ఏనుమాముల మిర్చి ఘాటన్నడు మామ.
మామిడిపండు బందు, పల్లీలు బందు, సర్వపిండి బందు.
అవ్వ ఐనవోలు బండారి పెట్టింది,
పచ్చటి గడ్డ దూరంకెల్లి సుత అవుపడ్డది.
మెడికల్ షాపు పిలగాడు చిన్న ట్యూబిచ్చి
"తెల్లగైతవక్కా" అన్నడు.
అయిన. నెల రోజులు.
ఆపినంక ముఖం కాగిన పెనం.

ఎంజీఎంల చర్మం ఓపీ.
నా ముందట ఒక పోరడు, బడి డ్రెస్సు,
మాస్కు కండ్ల దాక గుంజుకొని.
మాస్కు కింద నా పదారేండ్లు.
"గిల్లినవా?"
"కంపాస్ ముల్లుతోని," అన్నడు నేలను సూసి.
నేను పిన్నీసుతోని.
చెప్పలే.

డాక్టర్ సబీహా లైటు ముంగట కూసుండవెట్టి
వేలుతోని మెల్లగ తడిమింది.
"మురికి కాదమ్మా. సబ్బుతోని రుద్దకు.
లోపల నూనె ఎక్కువైతది, దారి మూసుకపోతది,
లోపలనే పగిలితె ఒళ్లు దాని మీదికి కొట్లాటకు పోతది.
ఇంట్ల ఎవరికన్న ఉండెనా?"

లేదనబోయిన.
మా నాయన వేములవాడల గుండు ఇచ్చిండు గని
గడ్డం ఎన్నడు ఇయ్యలే.
ఆఖరికి దవాఖానల గొట్టం పెట్టెటందుకు గీసిండ్రు,
బుగ్గల నిండ గుంటలు.
అమ్మ కొంగు కప్పింది.

నాకు రోజుకొక మెత్తటి గోలి, అన్నం తిన్నంక.
నెల నెల నెత్తురు పరీక్ష.
మందు నడిచినన్ని దినాలు, ఆపినంక నెల దాక
కడుపు రావద్దని రెండుసార్లు చెప్పి సంతకం తీసుకున్నది.
పోరనికి వేరే గోలీలు, పాలతోని మింగొద్దన్నది,
పూసుకునే జెల్లుతోని తువ్వాల రంగు పోతదన్నది.
"ఇద్దరికి ఒకటే మాట. గిల్లద్దు.
నెలకొక ఫోటో దిగుండ్రి,
అదే లైటు, అదే దిక్కు,
ఏం దిద్దద్దు."

ఫోటో నేనే తీస్త అన్న.

మొదటి నెల పెదవులు పగిలినయి,
గడ్డలు తగ్గకపోగ ఇంక రెండు లేసినయి,
"ఆ గోలీలు మూలకు పారెయ్" అన్నది అత్త.
రెండో నెల పోరడు రాలే.
మూడో నెల వచ్చిండు, పేరు సాయినిఖిల్ అని
అప్పుడు చెప్పిండు.

ల్యాబు గోడకు తెల్ల బట్ట కట్టి, ట్యూబులైటు కింద
వాణ్ణి నేను, నన్ను వాడు.
నా కంప్యూటర్ల దిద్దని ముఖాలు గవ్వే.
గుంటలున్నయి. నల్లటి మచ్చలున్నయి.
మచ్చలకు ఏడాది, గుంటల ముచ్చట తర్వాత
అన్నది డాక్టరమ్మ.

ఇయ్యాల ఐదో ఫోటో.
"చెయ్యి తియ్యిరా" అందామని కెమెరా ఎత్తిన.
వాని చెయ్యి
దవడ మీద లేకుండె.
జేబుల ఉండె,
తాళంచెవులతోని ఆడుకుంట.