సగం దించిన షట్టరు

రెండో శనివారం సందెవేళ
నా మోటారు వైండింగు కొట్టు షట్టరు సగానికి దించుతాను.
పూర్తిగా దించితే మూసేశాననుకుంటారు,
పూర్తిగా లేపితే
కాలిపోయిన మోటారుతో ఎవరో ఒకరు దిగుతారు.
సగమైతే వంగి రావాలి.
వంగి వచ్చినవాళ్ళకే బల్ల మీద చోటు.

కావలి ట్రంకు రోడ్డు లారీల మోతకి
మా మాటలు సగం వినబడవు.
అయినా మైకు వద్దన్నాం.
మైకొస్తే శాలువా వస్తుంది,
శాలువా వెనకే ముఖ్య అతిథి, ఆయన వెనకే ఆలస్యం.
ఇక్కడ ఒకటే కట్టుబాటు:
చేసింది చూపించు,
చేస్తానన్నది ఇంట్లో పెట్టిరా.

ప్రొజెక్టరు బొమ్మ పడాలని
గోడకి సున్నం కొట్టించమంది పాలిటెక్నిక్ కామాక్షి.
కొట్టించాను. వార్నిష్ మరక పోలేదు.
ఎవరు ఏం చూపించినా
ఎడంపక్కన గుమ్మడికాయంత మరక కూడా కనబడుద్ది.

మొదటి నెల నలుగురం.
అందులో ఒకడు వాన పడుతుంటే దూరినవాడు:
పెంచలయ్య, తుమ్మలపెంటలో రొయ్యల గుంటల కాపలా.
గోడకి ఆనుకుని తల తుడుచుకుంటా
అంతా చూసి, ఏమీ అడక్కుండా పోయాడు.

మూడో నెల
పెయింటు డబ్బాలో తీగలు కుక్కి ఒక పెట్టె తెచ్చాడు.
నీళ్ళలో గాలి తగ్గితే ఫోను మోగాలి.
తెల్లారుజామున గాలందక రొయ్య తేలితే
నాలుగు నెలల అప్పు తేలినట్టే.

బకెట్టు నీళ్ళు. నీళ్ళలోకి తీగ.
ఫోను మోగలేదు.
మళ్ళీ. మోగలేదు.
ఒక లారీ పోయింది. ఇంకో లారీ పోయింది.
పిలకాయల్లో ఎవడో నవ్వు మింగాడు.

అప్పుడు టైలరు మస్తాన్‌బీ,
కొలతల పుస్తకాన్ని ఫోన్లోకి ఎక్కించి
పోయిన నెల చూపించినావిడ,
"అబ్బయా, బకెట్లో రొయ్యలు ల్యావు గదా,
గాలి తినేదెవరు?" అంది.

ఎవరం మాట్లాడలేదు.
గ్లాసులకోసం వచ్చిన టీకొట్టు మాల్యాద్రి
షట్టరు కింద వంగిన నడుంతోనే అన్నాడు:
"కాచిన నీళ్ళు పెట్టండి. వాటిల్లో గాలుండదు,
అందుకే చప్పగా ఉంటయ్."

టీగిన్నెలో నీళ్ళు మరిగాయి.
గాలి మళ్ళీ దూరకుండా మూత పెట్టాం.
ఇక చల్లారాలి. గంటన్నర.

ఆ గంటన్నర ఎవ్వరూ ఇంటికి పోలేదు.
మస్తాన్‌బీ భుజం కొలత యాడ తప్పుద్దో చెప్పింది.
టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరైన చెంగయ్య
ఉప్పుగాలికి తీగ యాడ ముందు కుళ్ళుద్దో
సిగరెట్టు పెట్టె వెనక గీసి చూపాడు.
నేను కామాక్షికి రాగితీగ చుట్టడం నేర్పాను,
లెక్కలో ఒక్క చుట్టు తప్పితే మోటారు వేడెక్కుద్దని.
"కోడు కూడా ఇంతే మామా" అంది.
నన్ను మంచి చేసుకోడానికి అందనుకుంటా.
అయినా ఆ రాత్రి నిద్రలో చుట్లు లెక్కపెట్టాను.

ఎనిమిదిన్నరకి ఫోను మోగింది.
చప్పట్లే చప్పట్లు.
పెంచలయ్య ఎత్తాడు. గుంట యజమాని.
"యాడ చచ్చావురా?"

రెండోసారి మోగినప్పుడు చప్పట్లు లేవు.
అందరం గిన్నె మీదికి వంగి ఉన్నాం,
తలలు తగులుకుంటా.

తొమ్మిదో రోజుకే ఉప్పునీళ్ళు పెట్టెని తినేశాయి,
చెంగయ్య గీసిన చోటే.
ఈ శనివారం దాన్నే తెస్తున్నాడు,
కుళ్ళినదాన్ని, కుళ్ళినట్టే, చూపించడానికి.
కందుకూరు నించి ఎవరో ముగ్గురొస్తారంట.
మాల్యాద్రిని ఇంకో బెంచీ అడిగాను.
ఇస్తాడంట గాని,
నడుంనొప్పి, షట్టరు ఇంకో జానెడు లేపమంటాడు.

చూద్దాం.