కాటు అచ్చు

బైరాగిపట్టెడ మూడో సందులో
మెట్ల కింద నా గది.
"ఇచట పండ్లు కట్టబడును" అనే బోర్డు చూసి
మొన్న ఒకాయన బేనీషా ధర అడిగిపోయినాడు.

ఆ గదికే
యూనివర్సిటీ నుంచి యశోధర మేడం
అట్టపెట్టె పట్టుకోనొచ్చింది.
మ్యూజియంకు నకళ్లు కావాలంట.
దూది విప్పితే
అరచేయంత సొరచేప పన్ను,
రోకలి ముక్క లాంటి పక్కటెముక.
"ఇది సముద్రపు ఆవుది.
నీళ్లడుగున గడ్డి మేసేది.
పడమటి తీరపు సున్నపురాతిలో దొరికినాయి,
కోటిన్నర ఏళ్ల నాటివి."

మన కొండలో దొరకవా మేడం?
"మన కొండ వీటికంటే శానా ముసలిది.
ఘాట్ రోడ్డు బండల మీద
అలల ముడతలుండాయి, చూసినావా?
ఆ అలల్లో ఈదేదానికి
అప్పటికింకా వెన్నెముక పుట్టలేదు."

సొరచేపకు ఒక పన్ను రాలితే
వెనక వరస ముందుకొస్తుందంట, బతికినన్నాళ్లూ.
ఊరందరికీ అట్లాంటి దవడలుంటే
నా గది బాడుగ ఎవరు కట్టాల?

రాత్రి ప్లాస్టర్ కలుపుతా
ఎముకను బొటనవేలితో తడిమినాను.
మూడు గీతలు.
గులాబీ మైనం వెచ్చజేసి పన్ను ఒత్తినాను,
గీత పక్కన గీత పెట్టినాను.
రంపపు అంచుతో సహా కుదిరింది.

ఫోన్ చేస్తే మేడం నవ్వింది.
"ఆ జాతి అనొచ్చు, ఆ పన్నే అనలేం."
సరే లెండి.
ఆమెకు రాళ్లు తెలుసు,
నాకు ముప్పై ఏళ్లుగా కాట్లు తెలుసు.
నడిమి గీత అంచులు గుండ్రంగా ఉండాయి,
లోపల కొత్త ఎముక పేరుకోనుంది,
పీకిన పంటి గుంట
నెలల మీద పూడినట్టు.
చచ్చినదానికి గాయం మానదు గదా.

పొద్దున్నే పలమనేరు బస్సు దిగి
మొగిలమ్మవ్వ వచ్చింది.
కింద రెండు పండ్లు మిగిలుండాయి,
సంగటికీ చెనిక్కాయలకీ అరిగి పలకలైనవి.
మైనం నోట్లో పెట్టి
"గట్టిగా కరువు అవ్వా" అన్నాను.
"ఎన్ని కరువులు నాయనా" అని నవ్వింది,
మైనం జారి ఒళ్లో పడింది.

మళ్లీ వెచ్చజేస్తా ఉంటే
బల్ల మీది ఎముకను చూసింది.
చెప్పినాను, తెలిసినంత.
"తప్పించుకునిందా?"
తప్పించుకునింది.
"ఆ తర్వాత మేసిందా?"
మేసినట్టే ఉందవ్వా.

ఇంకేమీ అడగలేదు.
నోరు తెరిచి, మైనం పెట్టించుకోని
ఈసారి
నేను చెప్పకముందే కరిచింది.