ఎల్స్పెట్ మొహం మీది మాట

రేవుకి ఈ చివర నిలబడి
ఆ చివర ఉన్న ఎల్స్పెట్ ఫ్లెట్‌ని పోల్చుకుంటారు బకీ ఊళ్లో.
ఎడమ చెంప నుంచి మెడదాకా
రాగిరంగు మచ్చలు,
ఎవరో కుంచె విదిలించినట్టు.

కెన్‌స్పెకిల్ అంటారక్కడ,
నలుగురిలో ఇట్టే తెలిసిపోయే మనిషిని.
'కెన్' అంటే ఎరగడం.
మన కన్నుకి చుట్టమేం కాదు,
వినడానికి మాత్రం పక్కింటిదిలా ఉంటుంది.
'స్పెకిల్' అంటే మచ్చ.
అంచేత, మచ్చని బట్టి ఎరగడం అని
బడిపిల్లలు తేల్చేశారు,
ఆమెకి ఏడేళ్లప్పుడు.
ఆ మాట తనని చూసే పుట్టిందనుకుంది పిచ్చిపిల్ల.
అరవై ఏళ్లు మఫ్లర్ కట్టుకుంది,
జూలైలో కూడా.

మొన్న శీతాకాలం ఇంజను చెడి
నార్వే పడవ ఒకటి రేవులో ఆగింది.
పదకొండు రోజుల మరమ్మతు.
ఇంజను మనిషి టోర్లైవ్,
గోళ్ల సందుల్లో నూనె,
హాడక్ చేపలకి పొగబెట్టే ఆమె కొట్టు ముందు
టీ తాగుతూ ఆ మాట విన్నాడు.
"మా దగ్గరా ఉంది, కాస్త వేరేగా. షెన్నెస్పాక్.
మచ్చ లేదందులో.
'స్పాక్' అంటే పాతరోజుల్లో తెలివి.
ఒక్కసారి చూసిన మనిషిని చటుక్కున గుర్తుపట్టేవాళ్లని
అలా అనేవారు.
అది మొహం మాట కాదు, కంటి మాట."

సముద్రం దాటుతూ ఏ కెరటం మీద తిరగబడిందో,
చూసేవాళ్ల దగ్గర బయల్దేరి
చూడబడేవాళ్ల మీద వాలింది.
మచ్చ, దారిలో టిక్కెట్టు లేకుండా ఎక్కింది.

ఎల్స్పెట్ ఏమీ అనలేదు.
కత్తి తుడుచుకుని ఇంకో చేపని చీల్చింది.

కాని రాత్రి లెక్కేసుకునే ఉంటుంది.
పొగమంచులో ఇంజను దగ్గు విని
వచ్చేది ఎవరి పడవో చెప్పేది తనే.
డెబ్బైతొమ్మిదిలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన దేహానికి
మొహం లేకపోతే,
స్వెటరు మోచేతి దగ్గర
వేరే రంగు ఊలుతో వేసిన మాటు చూసి
"ఆర్చీ స్లేటర్" అని ఆనవాలు పట్టిందీ తనే.
ఊరంతా తనని చూస్తున్నన్నాళ్లూ
తను ఊరంతటినీ చూస్తూనే ఉంది.

పడవ వెళ్లిన మర్నాడు
పెట్టెలు మోసుకుంటూ కొట్లోకి వెళ్లాను.
మఫ్లర్ మేకుకి వేలాడుతోంది.
పొగ గదిలో అటు తిరిగి ఉంది ఎల్స్పెట్,
తల తిప్పలేదు.
"కుడికాలి లేసు ఊడింది,
కట్టుకో" అంది.