సన్నతాడు

కేజీహెచ్‌లో తీసిన రాయిని
అమృతాంజనం సీసాలో వేసి తెచ్చాడు నూకరాజు బాబాయి.
మిరియపు గింజంత.
వేలితో రాస్తే గరుకు కాగితం.
"ఇదిగో, నీ కంప్యూటర్లో ఎట్టి సూడు."

రాయి పట్టదు బాబాయీ,
దాని ముఖం ఒక్కటే పడుతుంది.
కాల్షియం వరసలు, నడుమ ఆక్సలేట్లు,
వలకన్నుల్లా ఒక్క కొలతకి.
పైన నలభై వేల నీటి అణువులు.
ఆ నీళ్లలో ఒకే ఒక్క ప్రోటీను,
మన ఒంట్లోదే,
రాయి పెరక్కుండా దాన్ని కరుచుకోవలసింది.

మూడు రాత్రులు లెక్క నడిస్తే
తెరమీద గడిచేది సెకనులో కోటో వంతు.
సిరిపురంలో కరెంటు పోతే అదీ లేదు.
మొదటిసారి దగ్గరదాకా వచ్చి
ముఖాన్ని అంటుకున్న నీటిపొర దాటలేక
కొట్టుకుపోయింది.
రెండోసారి అడ్డం తిరిగి, వీపు ఆనించి, జారింది.

దీన్నే మేం డాకింగ్ అంటాం అన్నాను.
నవ్వాడు,
ముప్ఫై ఏళ్లు మూరింగ్ బోటు మీద నిలబడి
ఓడ తాళ్లు అందుకున్న మనిషి.
"ఓడని ఒకేపాలి కట్టీగలవేటే?
ముందల సన్నతాడు ఇసరాల.
దాని సివర ముడి బరువుండాల.
అది సేతికందినాకే గదా మోకు వొచ్చేది."

ఆ రాత్రి ప్రోటీను తోకకి
ఫాస్ఫేట్ బరువులు తగిలించాను.
కొత్త సంగతేం కాదు, పుస్తకాల్లో ఉన్నదే,
లెక్క బరువెక్కుతుందని నేనే వదిలేశాను.
తోక వదులుగా ఊగింది, చాలాసేపు ఊరికే ఊగింది.
నీటిపొరలో ఎక్కడో సందు.
ఒక ఫాస్ఫేట్ ఒక కాల్షియాన్ని అందుకుంది.
తర్వాత ఆస్పార్టిక్ ఆమ్లాలు ఒకటీ ఒకటీ,
తొందరేం లేకుండా.
నేను తలెత్తేసరికి
యారాడ కొండ అవతల లంగరేసిన దీపాలు,
బెర్తు కోసం కాచుకుని ఇంకా అక్కడే.

పొద్దున్నే ఫోన్ చేశాను: అంటుకుంది బాబాయీ!
"అయితే నాకింక రాయి రాదన్నమాట."
సెకనులో కోటో వంతుకే నా దగ్గర జవాబుంది.
నీళ్లు తాగుతున్నావా అని అడిగాను.
"బోటు మీద తాగి ఎక్కడికెల్తామే?"

ఇంజను పక్కన ఆయన సీసా,
మూత తియ్యని లీటరు,
మధ్యాన్నానికి కాగిపోయి ఉంటుంది.
నా పెట్టెలో ఎండ లేదు.
ప్రోటీను చుట్టూ నీళ్లే నీళ్లు,
నలభై వేలు,
సూదిమొన తడవడానికి చాలనివి.