పసుపు చెవిపోగు కేసు

ముందే ఒప్పుకుంటున్నాను, ఆ శనివారం రాత్రి
డిటెక్టివ్‌లం ముగ్గురమూ బట్టలు లేకుండానే బయల్దేరాం.
తప్పుగా అనుకోకండి. నుక్రి కుక్క, లాషా చుంచెలుక,
నేను ముళ్ళపందిని.
తోడేలో డేగో అవుతానని ఏడాదంతా ఎదురుచూశాను.
పదమూడో పుట్టినరోజున, కిక్కిరిసిన మినీబస్సులో,
పక్క సీటు పోస్టుమాస్టరు కెవ్వుమన్నాడు.

తిబిలిసిలో వీధికుక్కలకి చెవికి ట్యాగు వేస్తారు.
పసుప్పచ్చ ప్లాస్టిక్కు, దానిమీద నంబరు:
టీకా అయింది, కరవదు, పోనివ్వండి.
మార్చిలో మునిసిపాలిటీ వ్యాను నుక్రిని పట్టుకుంది.
మళ్ళీ మనిషయ్యాక కూడా ట్యాగు ఊడి రాలేదు.
ఫ్యాషనన్నాడు ఇంట్లో.
"మరి నంబరెందుకురా?" అంది వాళ్ళమ్మ.

ఇక కేసు.
డ్రై బ్రిడ్జి మీది పాత సామాన్ల సంతలో
తాళంచెవులు మాయమవుతున్నాయి.
పతకాలు ముట్టలేదు, వెండి చెంచాలు ముట్టలేదు.
వాజా తాత దుప్పటి మీద
ఏ తలుపువో ఏ పెట్టెవో తెలియని తుప్పు తాళంచెవులు,
వారానికి ఏడెనిమిది.
"ముప్పై ఏళ్ళుగా కొనేవాడు రాలేదు,
ఎత్తుకెళ్ళేవాడైనా వచ్చాడు" అన్నాడు తాత,
కొంచెం గర్వంగానే.

సాక్షులు మూడు పావురాలు.
పావురాలు అబద్ధమాడవు,
కానీ తిండిగింజ తప్ప దేన్నీ చూడవు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటారు.
నుక్రి చెవి తడుముకున్నాడు.
గట్టిగా నిలదీస్తే తేలింది, వాడిది సాసేజి కేసు,
మాంసం కొట్లో, రెండు మూరలు.
ఆ ఫైలు అక్కడే మూసేశాం.

రాత్రి రెండైంది. కురా నది మీద పొగమంచు.
బూడిదరంగు చొక్కా తొడుక్కున్నట్టున్న కాకి ఒకటి
దుప్పటంచు ఎత్తి, ఒక్కో తాళంచెవీ ముక్కున కరిచి
బరువు చూసి, ఒకటి ఎంచుకుని ఎగిరింది.
నుక్రి పరిగెత్తాడు, వాడి మెడమీద లాషా.
నా పరుగు గురించి అడక్కండి.

పగిలిన అద్దంలోంచి దూరితే, అది మా బడే.
హాల్లో నల్ల పియానో,
ఎప్పటినించో తాళం పడి ఉన్నది.
కాకి తాళంచెవి దూర్చింది, తిప్పింది, విసిరికొట్టింది,
దగ్గింది.
ఆ దగ్గు నాకు తెలుసు,
పొద్దున్నే మా వంటింట్లో కాఫీ వాసనతో కలిసి వచ్చేది.

ముళ్ళపందికి మాటలు రావు. తుమ్మాను.
కాకి అలవాటుకొద్దీ "చిరంజీవ" అనబోయి
"కావ్" అంది.

స్టేజి తెర నలుగురం పంచుకుని కప్పుకున్నాక
ఎతేరి అమ్మమ్మ నేలచూపులు చూసింది.
మన వంశంలో ఇలాంటివి లేవు,
అంతా మీ నాన్న వైపు బుద్ధులే, అన్న మనిషి!

కరెంటు లేని చలికాలాలట.
ఆ వంతెన మీదే పియానో అమ్మింది,
రెండు బస్తాల పిండికి, డబ్బాడు కిరసనాయిలుకి.
తాళంచెవి కోటు జేబులో మిగిలింది.
మరుసటి వారం కోటూ అమ్మేసింది.

"తాళం పగలగొట్టొచ్చుగా?" అన్నాడు నుక్రి.
అమ్మమ్మ వాణ్ణి కుక్కని చూసినట్టు చూసింది.

నూట పదమూడు ప్రయత్నించాం, ఒక్కటీ పట్టలేదు.
లాషా ఏమీ అనకుండా చిన్నవాడై
వెనక చెక్క సందులోంచి లోపలికి పోయాడు.
చీకట్లో తీగల మీద ఎలుక నడక:
ఒక స్వరం, దుమ్ము, మరొకటి, పొరపాటున రెండు.
అమ్మమ్మ కళ్ళు మూసుకుంది.
"ఆ మధ్యది శ్రుతి తప్పింది," అంది చాలాసేపటికి,
"ఏదీ, మళ్ళీ నడు నాయనా."

తాళంచెవులన్నీ తిరిగి చేర్చాం.
వాజా తాత లెక్కపెట్టి, ముఖం చిన్నబుచ్చుకుని,
పై శనివారం నించి
పియానోకి పట్టేలా ఉన్నవాటిని ఏరి
విడిగా ఒక పళ్ళెంలో పెడుతున్నాడు,
పక్కన నాలుగు అక్రోటు పప్పులు.