శివారు తీగ

తెల్లారగట్ల నాలుగున్నర. సఖినేటిపల్లి రేవు.
పంటు ఇంకా అవతలే, నరసాపురం దీపాల కింద
ఒక నల్ల పలకలా.
ఇవతల రొయ్యపిల్లల వ్యాను.
తాళం తిప్పితే టక్.
మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్.
అంతే.

వెనక తొట్లలో రెండు లక్షల పిల్లలు,
ఒక్కోటీ కనురెప్ప వెంట్రుకంత.
గాలి మిషను మాత్రం బుడబుడమంటోంది.
చిన్న పనికి కరెంటు ఉంది,
పెద్ద పనికే లేదు.

"బ్యాటరీ కొత్తదండీ," అన్నారు ఓలేటి ఏసుపాదం గారు,
"నెల కూడా అవలేదు.
అంతకు ముందుదీ మంచిదే అనుకున్నాం,
పోయిందన్నారు, మార్చేశాను. ఆయ్."

నేను మూత ఎత్తి
టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నాను.
జవాబు చెప్పక్కర్లేకుండా అదొక ఉపాయం.

చేతులకి తొందరెక్కువ, ముందు కళ్ళకి పని చెప్పమనేవాడు
జిలానీ మేస్త్రీ.
చూశాను.
బిళ్ళల చుట్టూ తెల్లటి పొంగు, అంచుల్లో నెమలి రంగు.
సముద్రం ఇక్కడికి కనిపించదు గానీ
రాత్రిళ్ళు గాలిలో వచ్చి
ప్రతి నట్టునీ నాకి పోతుంది.

మైనస్సు ముందు విప్పాలి, చివర బిగించాలి.
భోజనాల దగ్గర పెద్దమనిషి వరస దానిది:
ఆఖర్న వచ్చి ముందు లేచిపోతుంది.
విప్పగానే గాలి మిషను ఆగింది.
తొట్లలో నిశ్శబ్దం.
ఏసుపాదం గారు వాచీ చూసుకోవడం వినిపించింది.

టీకొట్టు వీరమణి ఇచ్చిన గ్లాసుడు వేడినీళ్ళు,
బజ్జీల డబ్బాలోంచి చిటికెడు సోడా.
పొయ్యగానే నురగ, బుస్సున.
బ్రష్షుతో తోమి, తుడిచి, బిగించి
తాళం తిప్పమన్నాను.
టక్.

మీటరు తీశాను. ఎర్ర పుల్ల, నల్ల పుల్ల.
బ్యాటరీ మీద పన్నెండు పాయింటు ఆరు.
నిండు కుండ.
"బరువు పడనంతసేపూ, అమ్మాయీ,
ప్రతి తీగా పన్నెండే చెబుద్ది."
అందుకని బరువు పెట్టి అడిగాను:
తిప్పండి, తాళం వదలకండి.
ప్లస్సు నుంచి స్టార్టరు దాకా, పావు వోల్టు కూడా తినలేదు.
మైనస్సు నుంచి ఇంజను ఒంటికి
ఏడు.

ఏడు వోల్టులు దారిలోనే ఎవరో తాగేస్తున్నారు.

మా అమ్మ కౌలు చేసిన ముప్పాతిక ఎకరం కాలవ చివర.
లాకుల దగ్గర నీళ్ళు గట్టు తాకేవి,
మా మడిలో పగుళ్ళు.
అమ్మ చేతిలో వెదురుపుల్ల.
ఒక్కో తూము దగ్గరా గుచ్చి, తడి ఎంతవరకో వేలితో కొలిచి,
గుర్రపుడెక్క పక్కకి నెట్టుకుంటూ పైకి నడిచేది.
ఎక్కడ తడి హఠాత్తుగా తగ్గిందో
అక్కడ ఆగి, గట్టు మీద కూర్చుని,
ఎవరి ఇంజను అని అడిగేది.
ఎవరూ చెప్పేవారు కాదు.

నల్ల తీగ వెంట వేళ్ళు నడిపాను.
పైన తోలు నున్నగా, కొత్తగా.
ఛాసిస్ బోల్టుకి జానెడు దూరంలో
కొంచెం ఉబ్బు, కొంచెం మెత్తదనం.
వంచితే కరకర.
బ్లేడుతో చీరితే పచ్చటి పిండి రాలింది.
అన్నేసి రాగి పోగుల్లో
మెరుస్తున్నవి పదో, పన్నెండో.
అవే ఇన్నాళ్ళూ ఈ బండిని లాగినవి.

పంటు కూత వేసింది. నీళ్ళ మీద దీపం కదిలింది.
మళ్ళీ మైనస్సు విప్పాను, మళ్ళీ నిశ్శబ్దం.
బోల్టు కింద రంగూ తుప్పూ గీకి, ఇనుము తెల్లబడేదాకా గీకి,
నా సంచిలోని తీగ వేసి,
పెద్దమనిషిని ఆఖర్న కూర్చోబెట్టాను.
బుడబుడలు తిరిగొచ్చాయి.
తాళం. ఇంజను ఒక్క ఊపున లేచింది.
మీటరులో సున్నా పాయింటు ఒకటి.

బండి పంటెక్కించి, దిగి, వెనక్కి నడిచొచ్చారాయన.
డబ్బులు లెక్కపెడుతూ పెడుతూ ఆగిపోయారు.
"అయితే ఆ పాత బ్యాటరీ..."
"దాన్నేం చేశారు?"
"కిలోల లెక్కన ఇచ్చేశానండీ."

పంటు వెళ్ళిపోయింది.
వీరమణి టీ ఇచ్చింది, కొంచెం సోడా వాసన.
జేబులో ఆ తీగ ముక్క ఉంది.
ఊరికే, ఇంకోసారి వంచి చూశాను.